ఆట చూడవచ్చు అతిథియు, ఆతిథ్యమిచ్చు రైతును

గత మాసమున ఒక సాయంకాలము సంఘ కార్యాలయపు అరుగుమీద మేము ఎరువుల లెక్క చూచుచుండగా, చీడికాడ చుట్టుపట్ల గ్రామముల యువకులు ఆరుగురు వచ్చి ఒక కాగితమును మా చేతికిచ్చిరి. కోణం జలాశయమునకు దిగువ ఆయకట్టులో ఏడెకరముల పల్లపు భూమిని సమము చేయించి క్రికెట్ ఆటస్థలము కట్టవలెననియు, జలాశయములో పడవ పందెములు పెట్టవలెననియు, అందులకు మన సంఘము కొంత సొమ్ము ముందుగా నిచ్చి, భూమి గల రైతులను ఒప్పింపవలెననియు అందు వ్రాసియుండెను. ఆటలు చూచుటకై విశాఖపట్టణమునకు వేలకొలది జనులు వచ్చుచున్నారు. కొండలు, నీరు, పచ్చదనము గల మన ప్రాంతమునకు ఏల రాకూడదు? ఇది వారి ప్రశ్న.

అరుగుమీదనే చుట్ట కాల్చుకొనుచున్న ఒక వృద్ధ రైతు, "పట్నపోలు మన కల్లం కాడికొచ్చి పరుగులెడతారేటి బాబూ!" అని నవ్వెను. మేము నవ్వలేదు. చదువుకొన్న పిల్లలు ఊరు విడిచి పోవుచున్న దినములలో, ఊరిలోనే నిలువగోరి ఒక ఆలోచన తెచ్చినవారిని నవ్వి పంపుట పెద్దలకు తగదు. అట్లని కాగితముమీద సంతకమును చేయలేదు. ఇంటికి తీసికొనిపోయి పలుమారులు చదివితిమి. అందుపై మాకు తోచినది సభ్యుల ముందుంచుచున్నాము. భూమి పోవునది రైతుది, సొమ్ము పోవునది సంఘముది. కావున నిర్ణయమునకు ముందే మాట్లాడుట మేలు.

ఆటలు చూచుటకో, ఆడుటకో, నేర్చుకొనుటకో పరప్రాంతముల నుండి జనులు వచ్చి, కొన్ని దినములు బసచేసి, సొమ్ము ఖర్చు చేసి పోవుటను నేడు క్రీడా పర్యాటకమనుచున్నారు. ఇందు ఊరికిని ఊరికిని పోటీ గలదు. పర్యాటకమును గూర్చి పరిశోధించిన క్రౌచ్, రిచీ అను ఇద్దరు ఆచార్యులు 2003లో ప్రకటించిన గ్రంథమున ఒక భేదము చూపిరి. ప్రాంతమునకు పుట్టుకతో వచ్చిన సంపద వేరు. ఆ సంపదను చెడకుండ కాపాడుకొనుచు ఎడతెగక వినియోగించు నేర్పు వేరు. కొండలు, సముద్రము, వాతావరణము, చరిత్ర మొదటి కోవకు చేరును. నిర్వహణ, శిక్షణ, పరిశుభ్రత, పాలన రెండవ కోవకు చేరును. మొదటిది ఎంత ఉన్నను రెండవది కొరవడినచో ప్రాంతము పోటీలో వెనుకబడునని వారి మాటల సారము.

రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. ఒకే మదుము క్రింద ప్రక్కప్రక్కనే ఉన్న రెండు మళ్లలో ఒకటి బస్తాలు నింపును, ఒకటి గడ్డి మాత్రమే ఇచ్చును. నేల ఒకటే, నీరొకటే. గట్టు చెక్కినవాడెవడో, కలుపు తీసినవాడెవడో చూచిన తెలియును.

విశాఖనే చూతము. ఆ పట్టణమున మొట్టమొదటి అంతర్జాతీయ ఒకదినపు క్రికెట్ ఆట 1988 డిసెంబరులో న్యూజిలాండు జట్టుతో జరిగెను. అది పట్టణము నడుమనున్న పాత మైదానమున. పిమ్మట మధురవాడ దగ్గర క్రొత్త ఆటస్థలము కట్టిరి. అచ్చట 2005 ఏప్రిల్ 5వ తేదీన పాకిస్థాను జట్టుపై ధోనీ 148 పరుగులు తీసిన ఆటను మన గ్రామములలో నేటికిని చెప్పుకొందురు. 2016 నవంబరులో ఇంగ్లండు జట్టుతో అయిదు దినముల టెస్టు పోటీ మొదటిసారి అచ్చట జరిగెను. 2024లోను 2025లోను ఢిల్లీ జట్టువారు తమ సొంతయింటి ఐపీఎల్ ఆటలలో కొన్నింటిని అచ్చటికి తెచ్చిరి. 2025 ఆగస్టు చివర కబడ్డీ లీగు పోటీలు విశాఖలోనే ఆరంభమాయెను. అదే సంవత్సరము అక్టోబరులో స్త్రీల ప్రపంచకప్పు పోటీలలో ఐదు ఆటలు విశాఖకు దక్కెను.

ఇవన్నియు సముద్రమును చూచి వచ్చినవని మన యువకుల నమ్మకము. సముద్రము 1988కి పూర్వమును అచ్చటనే ఉండెను. విమానము దిగు చోటు, రైలు, వేలమంది ఒక రాత్రి నిదురించుటకు తగిన గదులు, దెబ్బ తగిలినవానిని గడియలోపల చేర్చు ఆసుపత్రి, గుంపులను అదుపు చేయు పోలీసులు, ఆట లేని దినములలో సయితము గడ్డి కోసి, నేల దిమ్మిస కొట్టు పనివారు: ఇవన్నియు ఒకచోట చేరిన పిదప సముద్రము కూడ ఒక కారణమైనది. దూరము నుండి చూచువానికి అలలు కనిపించును గాని దిమ్మిస కనిపింపదు.

మేము చదివినది మిషను బడి. సాయంత్రము ఆటగంట తప్పనిసరి. శుక్రవారము మాత్రము ఆట లేదు; ఆనాడు పిల్లలందరును కొడవళ్లు పట్టి మైదానపు గడ్డి కోయవలెను, గీతలకు సున్నము వేయవలెను, వాన గుంటలు పూడ్చవలెను. ఆ దినమును మేము మిక్కిలి ద్వేషించుచుంటిమి. ఆ శుక్రవారము వలననే మిగిలిన దినములలో ఆట సాగెనని తెలియుటకు మాకు ఇరువది సంవత్సరములు పట్టినది.

ఋతువు మాట కూడ చెప్పవలయును. 2012 సెప్టెంబరులో విశాఖలో న్యూజిలాండుతో జరుగవలసిన ఆట వానవలన ఒక్క బంతియైనను పడకయే రద్దయ్యెను. 2014లో వెస్టిండీస్ జట్టుతో ఆట అక్టోబరు 14వ తేదీన పెట్టుకొనిరి. 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తీరము దాటి నగరమును నేలమట్టము చేసినంత పని చేసెను. ఆట పోయెను. ఆ తుపానులో మన చెరకు, అరటి, కొబ్బరి ఏమయ్యెనో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. అక్టోబరు, నవంబరు మాసములలో ఈ తీరమునకు అతిథిని పిలుచువాడు ఆకాశముతో జూదమాడుచున్నట్లే. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు మన ఆకాశము నిర్మలముగా నుండును, వరి కల్లములు ఖాళీ అగును, ఎండ ముదరదు. దేవుడిచ్చిన సంపదలో మనకు నిజముగా విలువైనది ఈ వారములే. యువకుల కాగితములో దీని ప్రసక్తియే లేదు.

ఇక నీటి సంగతి. ఇదియే అసలు సంగతి.

2016లో మహారాష్ట్రమున ఘోరమైన కరవు వచ్చెను. లాతూరునకు రైళ్లలో త్రాగునీరు తోలిరి. అట్టి వేళ ఆటస్థలముల గడ్డికి నీరు పోయుట తగునా యని కొందరు బొంబాయి హైకోర్టుకు పోయిరి. ఆ గడ్డికి మురుగునుండి శుద్ధిచేసిన నీటినే వాడెదమని ఆటల నిర్వాహకులు చెప్పుకొన్నను, ఏప్రిల్ నెల దాటిన తరువాతి ఐపీఎల్ ఆటలను ఆ రాష్ట్రమునుండి తరలింపవలసినదని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. ముంబయి, పూనా జట్లు రెండును విశాఖను ఎంచుకొనిరి. ఆ మే నెలలో ఆరు ఆటలు అచ్చట జరిగెను. ఒక ప్రాంతము పోటీలో ఓడిపోవుటకును, మరియొకటి గెలుచుటకును నీరే కారణమగుట ఇంతకంటె స్పష్టముగా ఎచ్చటను చూడము.

విశాఖ గెలిచినది, సంతోషమే. కాని విశాఖ త్రాగు నీటిలో కొంత ఎచ్చటిది? మనకు పొరుగున, దేవరాపల్లి మండలములోని రైవాడ జలాశయమునుండి ఆ నగరమునకు నీరు పోవుచున్నది. ఆ నీరు తమ పొలములకు చాలదని రైవాడ ఆయకట్టు రైతులు పలుమారులు మొర పెట్టుకొనిరి. నగరపు దప్పి తీర్చవలదని మేము అనము. దప్పి ఎవరికైనను ఒకటే. అతిథులను పిలుచు ఊరు నీటిలెక్క ముందుగా వేసికొనక పోయినచో, ఆ లెక్కను తరువాత రైతే కట్టవలసివచ్చునని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము.

లెక్క మేమే వేసి చూచితిమి. ఇన్నూరుమంది అతిథులు రెండు దినములు మన ఊర నుందురనుకొందము. నగర నీటి సరఫరాకు మన దేశమున వాడుకలో నున్న ప్రమాణము మనిషికి దినమునకు 135 లీటర్లు. ఆ చొప్పున రెండు దినములకు 54,000 లీటర్లు. ఎకరము వరిమడిలో రెండంగుళముల తడి ఇచ్చుటకు రమారమి 2,00,000 లీటర్లు కావలెను. అనగా ఇన్నూరుమంది స్నానపానములన్నియు కలిపినను ఎకరమునకు ఒక తడిలో నాలుగవ పాలు మాత్రమే. అతిథికి భయపడ నక్కరలేదు.

గడ్డి సంగతి వేరు. వేసవిలో పచ్చగడ్డికి దినమునకు ఐదు మిల్లీమీటర్ల నీరు కావలెననుకొన్నను, యువకులు అడిగిన ఏడెకరములకు దినమొక్కంటికి రమారమి 1,40,000 లీటర్లు. అతిథులు రెండు దినములు వాడినదానికి రెండున్నర రెట్లను గడ్డి ఒక్కదినములో త్రాగివేయును. ఆట ఉన్నను, లేకున్నను త్రాగును. అదే భూమిలో వరి వేసినచో ఇంతకంటె ఎక్కువ నీరు పట్టునుగదా యని ఒక యువకుడు మమ్ము ప్రశ్నించెను. తెలివైన ప్రశ్న. కాని వరి వానకాలముతో కలిసి నడచు పైరు. ఆకుమళ్లు, ఉభాలు అన్నియు ఆకాశమును చూచి సాగును. కోత కోసిన పిదప నేల ఎండినను నష్టము లేదు. గడ్డికి మే నెల లేదు. మదుములు మూసి, పశువులకు గెడ్డలో చెలమలు త్రవ్వు దినములలో దానికి అన్నిటికంటె హెచ్చు నీరు కావలెను. ఆ నీరు ఎవరి వంతునుండి తీయుదుము?

కట్టడముల గూర్చి ఒక మాట. ఉమ్మడి రాష్ట్రముగా నున్నప్పుడు 2002లో జాతీయ క్రీడలకును, 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలకును హైదరాబాదు ఆతిథ్యమిచ్చెను. గచ్చిబౌలిలో గొప్ప ఆటస్థలములు వెలసెను. ఆ ప్రాంగణములోని బహుళాంతస్తుల భవనమొకటి 2020లో కరోనా రోగులకు ఆసుపత్రిగా మారెను. కష్టకాలమున ప్రజలకు పనికివచ్చినది, మంచిదే. కాని ఆటలకై కట్టినవాటికి ఆట లేని దినములలో ఏమి పని యన్న ప్రశ్న ఆ గోడలమీదనే వ్రాసియున్నది. అదే గచ్చిబౌలిలో 2008లో పుల్లెల గోపీచంద్ గారి బ్యాడ్మింటన్ శిక్షణాలయము ఆరంభమాయెను. 2001లో ఆల్ ఇంగ్లండు పోటీ గెలిచిన ఆయన, తానే గురువై నిలిచి, తెల్లవారుజామునే పిల్లల చేత సాధన చేయించెను. అచ్చటి శిష్యురాలు సింధు 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో రజతమును, 2021లో టోక్యోలో కాంస్యమును తెచ్చెను. ఆ పేరు విని దూరప్రాంతముల నుండి పిల్లలు, వారి వెంట తల్లిదండ్రులు వచ్చి, ఆ చుట్టుపట్ల ఇండ్లు అద్దెకు తీసికొని, నెలలు సంవత్సరములు కాపురముండిరి. పండుగనాటి అతిథి రెండు దినములలో పోవును. గురువును వెదకుకొనుచు వచ్చినవాడు నిలిచియుండును. ప్రాంతమునకు నిలుకడ తెచ్చునది రెండవవాడు.

మన ఉత్తర జిల్లాలకు బలవంతుల కొరత ఎన్నడును లేదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు నెరుగని ముసలివారుండరు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ వనితయయ్యెను. బలవంతులను కనుట ఒకటి, వారి పేర వచ్చు అతిథులను ఊరిలో నిలుపుకొనుట మరియొకటి. మొదటిది మన తల్లులు చేసిరి. రెండవది మనము ఇంకను మొదలు పెట్టలేదు.

ఇచ్చట మా సొంత తప్పిదమొకటి చెప్పుకొనవలెను. పదునైదు సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున రోడ్డు ప్రక్కనే ప్రదర్శన మడిని మేము నడిపితిమి. విత్తనము మాది, ఎరువు మాది, కూలి సయితము పథకము సొమ్మే. పైరు ఏనుగువలె నిలిచెను. మోటారు కార్లు వచ్చెను, ఫొటోలు తీసిరి, మాకు మెప్పు వచ్చెను. మరుసటి సంవత్సరము చూడబోవగా ఆ మడి యజమానియే పాత పద్ధతికి మరలియుండెను. "మీరిచ్చిన సొమ్ము లేక ఆ సేద్యము మాకెట్లు సాగునండీ?" అనెను. గట్టు కవతల నున్న ఒక రైతు మాత్రము, మేము పిలువకయే వచ్చి చూచి, వరుసలలో నాటు ఒక్క పద్ధతిని పట్టుకొని తన కుంచెడు నేలలో సాగించియుండెను. అతనికి మేము ఒక్క రూకయు ఇచ్చి యెరుగము. యువకులు అడిగిన ఆటస్థలము మాకు మొదటి మడివలె కనిపించినది.

పెద్ద పండుగ ఒకటి చేసిన పేరు శాశ్వతముగా నుండునన్నది కూడ నిజము కాదు. కెనడా దేశపు కాల్గరీ నగరమున 1988లో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. మేము పైని చెప్పిన రిచీ గారు ఆ నగరపు విశ్వవిద్యాలయములోనివారే. 1986 నుండి 1989 వరకు అమెరికా, ఐరోపా నగరములలో జనులను ఏటేట ప్రశ్నించి చూచిరి. ఆటల సంవత్సరమున కాల్గరీ పేరు చెప్పినవారి సంఖ్య మిక్కిలి పెరిగెను. మరుసటి సంవత్సరమునకే తగ్గ నారంభించెను. అంత ధనము పోసిన నగరమునకే అట్లయినప్పుడు, ఒక్క జాతరతో చీడికాడ పేరు దేశమెల్ల మ్రోగునని ఎవరైన చెప్పినచో సభ్యులు నమ్మవలదు.

మరి పల్లెలకు ఈ పోటీలో చోటే లేదా? కలదు. పంజాబులో లూధియానా జిల్లాయందు కిలా రాయ్‌పూర్ అను పల్లె గలదు. 1933లో అచ్చటి రైతులు ఏటికొకసారి చేరి తమ బలమును, తమ పశువుల బలమును పరీక్షించుకొను పండుగను ఆరంభించిరి. దానిని పల్లె ఒలింపిక్సు అని పేరు పెట్టి విదేశములనుండి జనులు వచ్చి చూచిరి. పరదేశి వచ్చునని వారు ఆటను కట్టలేదు. తమ ఆటను తాము ఆడుకొనుచుండగా పరదేశి వచ్చెను. అయితే వారి కథలో మనకు హెచ్చరిక కూడ గలదు. ఎద్దులను హింసించు పందెములపై 2014 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ పండుగకు ప్రాణమువంటి ఎడ్లబండ్ల పరుగు ఆగిపోయెను. దానిని మరల తెచ్చుటకై పంజాబు శాసనసభ 2025లో చట్టము సవరింపవలసి వచ్చెను. మూగజీవమును ముల్లుకర్రతో పొడిచి నిలుపుకొన్న వేడుక, చట్టము కన్ను తెరచిన దినమున నిలువదు.

కేరళమున ఆలప్పుళలో పాము పడవల పందెము సంగతి వినుడు. 1952లో నెహ్రూ గారు అచ్చటికి పోయినప్పుడు ఆ పందెమును చూచి సంతసించి వెండి బహుమానమును పంపిరి. నాటినుండి అది ఆయన పేర నడచుచున్నది. నూరడుగులకు మించిన పడవ. నూరుమందికి పైగా తెడ్లు వేయువారు. ఆ పడవ ఏ ధనికునిదియు కాదు. గ్రామస్థులు వాటాలు వేసికొని కట్టించుకొన్నవి అనేకములు. మన సహకార సంఘమునకు ఇంతకంటె దగ్గరి బంధువు లేడు. ఇంకొక విశేషము: ఆ పందెము చిరకాలము ఆగస్టు మాసపు రెండవ శనివారమున నడచెను. ఎక్కడో లండనులో నున్నవాడును ఆ శనివారమును క్యాలెండరులో చూచుకొని ఆరు నెలల ముందే రైలు టిక్కెట్టు కొనగలిగెను. మన తీర్థములలో ఎడ్ల పరుగు ఏ తేదీన అని పొరుగు మండలమువానికి కూడ ముందురోజు వరకు తెలియదు. తేదీ నిలుపుకొనుటకు దమ్మిడీ ఖర్చు లేదు. అయినను మనవలన కాకున్నది.

ఆస్ట్రియా దేశమున కిట్స్‌బ్యూహెల్ అను చిన్న పట్టణమున 1931 నుండి మంచు కొండపై జారు పందెములు జరుగుచున్నవి. చలికాలమున లోకమంతయు చూచు ఆ కొండ ప్రాంతములలో వేసవియందు ఆవులు మేయును, రైతులు గడ్డి కోసికొందురు. ఆ సీమలో జారు బాటలు పోవు భూములకు రైతులకు కౌలు ముట్టును. భూమి అమ్మలేదు, సేద్యము మానలేదు. చలికాలమున నేల ఊరక పడియుండు దినములను మాత్రమే ఆటకు ఇచ్చిరి.

ఈ మూడు చోట్ల మాకు కనిపించిన పోలిక ఇది. ఆట స్థానికులది; భూమియో, పడవయో, పశువో స్థానికులది; ఆట లేని దినములలో ఆ వస్తువునకు వేరు పని గలదు. అట్టి ప్రాంతము ఒక సంవత్సరము అతిథి రాకున్నను చెడిపోదు. పోటీలో నిలుచు శక్తి యనగా మా అభిప్రాయమున ఇదియే: రాని అతిథిని కూడ తట్టుకొనగలుగుట.

మనకేమున్నవి? తీర్థములలో ఎడ్ల పరుగు పందెములు, గుర్రపు పందెములు చోడవరము, మాడుగుల ప్రాంతములందు ఏనాటినుండియో గలవు. చెడుగుడు ఆడని ఊరు లేదు. కొండల మొదలునుండి పోవు బాటలు పరుగు పందెమునకు, సైకిలు పందెమునకు తగినవి. వాటికి గడ్డి పోయవలసిన పని లేదు. కోడి పందెములను గూర్చి కొందరు మెల్లగా మా చెవిని వేసిరి, గోదావరి జిల్లాలకు సంక్రాంతికి ఎంత జనము వచ్చుచున్నారో చూడుడనిరి. అది చట్టము నిషేధించిన జూదము. దానితో వచ్చు జనమును, ఆ జనముతో పోవు సంసారములను మేమెరుగుదుము. సంఘపు పుస్తకములో ఆ పద్దు మా చేతులతో వ్రాయము.

లేనివేమి? ముందుగా మరుగుదొడ్లు. ఆడపిల్లలతో వచ్చిన కుటుంబము మొదట అడుగునది అదియే; అది లేని ఊరికి రెండవమారు రారు. పిదప దారి. ఇటీవల చెరకు విస్తీర్ణము తగ్గినను, సంక్రాంతి తరువాత నరుకుడు సాగు దినములలో చెరకు ట్రాక్టర్లు ఆ దారులనే నడచును. పరుగెత్తు పిల్లవానిని, పది టన్నుల బండిని ఒకే దారిన విడుచుట హత్యతో సమానము. ఉదయము ఏ గంట వరకు బండ్లు ఆపవలెనో బండ్లవారితో ముందుగా మాట్లాడుకొనవలెను. వారి కూలి నష్టమునకు పద్దు ఉండవలెను. జలాశయములో పడవ పందెమునకు మేము ఇప్పుడు ససేమిరా ఒప్పుకొనము. ఈత తెలిసినవారు, రక్షణ చొక్కాలు, అధికారుల అనుమతి, గట్టుమీద ఆంబులెన్సు బండి లేక నీటిలో పడవ దింపుట తగదు. ఒక్క బిడ్డ మునిగిన పిదప ఏ అతిథియు రాడు, రాకపోవుటయే న్యాయము.

సొమ్ము ఎచ్చట నిలుచునో కూడ చూడుడు. ఆ ఇన్నూరుమందే, రెండు దినములు, భోజనమునకు దినమునకు మూడువందల రూపాయల చొప్పున ఖర్చు చేసిరనుకొందము. 1,20,000 రూపాయలగును. బియ్యము, పప్పు, కూరలు, పాలు పట్టణపు కాంట్రాక్టరు లారీలో వచ్చినచో, ఊరికి మిగులునవి విస్తరాకులు. అదే చోడి అంబలి, మన బియ్యము, మన పెరటి కూరలు, అనకాపల్లి బెల్లము, మాడుగుల హల్వా సంఘము ద్వారా సమకూర్చినచో అధికభాగము ఈ చుట్టుప్రక్కలనే నిలుచును. అతిథికి కూడ పట్టణమున దొరకునదే ఇచ్చట పెట్టినచో ఇంత దూరమేల రావలెను?

కావున ఆ కాగితమునకు మా సమాధానము. పల్లపు ఏడెకరములను చదును చేయుటకు మేము అంగీకరింపము. వరిమడి పోయిన పిదప ఆట తప్పినచో అది మరల మడి కానేరదు. సంఘపు సొమ్ము కట్టడమునకు ఇయ్యరాదు. దానికి మారుగా, కోత అయిన మెట్ట కల్లములలో రెండు దినముల పండుగను, కొండబాట పరుగు, చెడుగుడు, కొరడా లేని ఎడ్ల పరుగులతో, సంక్రాంతికిని శివరాత్రికిని నడుమ ఒక స్థిరమైన వారమున మొదలు పెట్టవచ్చును. కల్లము గల రైతునకు రెండు దినముల కౌలు ముందుగానే ముట్టవలెను. తాత్కాలికమైన మరుగుదొడ్లకును, త్రాగునీటికిని మాత్రమే సంఘము అప్పు ఇయ్యవలెను; ఆ అప్పు యువకుల సంతకములపై నుండవలెను. మూడేండ్లు ఒకే వారమున పండుగ తప్పక నడచిన పిదప పెద్దమాటలు మాట్లాడుకొనవచ్చును. ఊరిలో ఒక వ్యాయామోపాధ్యాయుడు నిలిచి పిల్లలకు సంవత్సరము పొడుగునా చెడుగుడు నేర్పుటకు ఒప్పుకొన్నచో, ఆయన బసకు మేమే మా ఇంటి వసారా ఇచ్చెదము.

ఈ మాటలు ఆ ఆరుగురితో ముందే చెప్పితిమి. ఇద్దరికి కోపము వచ్చినది. ముసలి ఆలోచన అనిరి. ఒకడు మాత్రము వెంటనే క్యాలెండరు తీసి వారములు లెక్కింప నారంభించెను. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు వచ్చును. కోణం దిగువ ఆయకట్టు రైతులు, ముఖ్యముగా ఆ ఏడెకరముల హద్దులలో భూమి గలవారు, తప్పక రావలెను. చెరకు బండ్లవారిని కూడ పిలిచితిమి. వేసవిలో ఏ మదుము ఏ తేదీన మూసిరో వ్రాసిపెట్టుకొన్నవారు ఆ చీటీలను వెంట తెచ్చినచో, మా నీటిలెక్కలో తప్పున్న దిద్దుకొందుము.